అనాథ పేజీ

ఒక వెబ్‌సైటులో ఉండి కూడా, ఆ సైటులోని మరే ఇతర పేజీ నుండీ లింకు లేని పేజీని అనాథ పేజీ అంటారు. అనాథ పుట, ఒంటరి పేజీ అని కూడా వ్యవహరిస్తారు. ఇటువంటి పేజీ సర్వరులో భద్రంగానే ఉంటుంది. దాని చిరునామా తెలిసినవారు నేరుగా తెరచి చదువుకోవచ్చు. కానీ సైటు మొదటి పేజీ నుండి బయలుదేరి లింకులను నొక్కుకుంటూ వెళ్ళే పాఠకుడు ఎంత తిరిగినా అక్కడికి చేరలేడు. లింకుల వెంట ప్రయాణించే శోధన యంత్రాలకు కూడా అది కనబడకపోవచ్చు. కనబడినా ఫలితాలలో వెనుకబడే అవకాశం ఎక్కువ. గ్రంథాలయంలో పుస్తకం ఉండి, సూచీపత్రంలో దాని పేరు లేకపోవడం వంటిది ఈ స్థితి.

అనాథ పేజీలను గుర్తించి సరిచేయడం వెబ్‌సైటు నిర్వహణలో ముఖ్యమైన పని. ఇందులో రెండు భాగాలున్నాయి. సైటులో ఉన్న పేజీల పట్టికను, లింకుల ద్వారా చేరగల పేజీల పట్టికతో పోల్చి తేడాను కనుగొనడం మొదటిది. ఆ తేడాలో తేలిన ఒక్కొక్క పేజీ విషయంలో ఏమి చేయాలో నిర్ణయించడం రెండవది. మొదటి పని యంత్రం చేయగలదు. రెండవ పనికి విషయం తెలిసిన మనిషి కావాలి.

నేపథ్యం

వరల్డ్ వైడ్ వెబ్‌ను బ్రిటిష్ శాస్త్రవేత్త టిమ్ బెర్నర్స్-లీ 1989లో, జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధనాలయంలో ప్రతిపాదించాడు. మొదటి వెబ్‌సైటు 1991లో వెలువడింది. ఈ వ్యవస్థకు కేంద్ర కార్యాలయం గాని, పేజీలన్నింటినీ నమోదు చేసే చిట్టా గాని లేవు. ఎవరైనా పేజీ తయారుచేయవచ్చు, ఎవరి అనుమతీ అవసరం లేదు. వెబ్ త్వరగా విస్తరించడానికి ఈ స్వేచ్ఛే కారణం. అయితే చిట్టా లేనిచోట ఒక పేజీ ఉన్నదని ఇతరులకు తెలిసే ప్రధాన మార్గం లింకు మాత్రమే అయింది.

1993లో మాథ్యూ గ్రే వెబ్ పరిమాణాన్ని కొలిచేందుకు లింకుల వెంట తిరిగే ఒక ప్రోగ్రామును రూపొందించాడు. 1994లో బ్రయన్ పింకర్టన్ వెబ్‌క్రాలర్ అనే శోధన యంత్రాన్ని ప్రారంభించాడు. లింకుల వెంట తిరిగే ప్రోగ్రాములను క్రాలర్లు అంటారు. క్రాలర్ తనకు తెలిసిన కొన్ని పేజీలతో మొదలుపెట్టి, వాటిలోని లింకులను సేకరించి, ఆ లింకులు చూపే పేజీలను తెరచి, వాటిలోని లింకులను మళ్ళీ సేకరిస్తుంది. కొత్త లింకులు దొరికినంతవరకు ఈ పని సాగుతుంది. నేటి పెద్ద శోధన యంత్రాల పనికి కూడా ఇదే పునాది.

వెబ్‌లోని పేజీలన్నీ ఒకదానితో ఒకటి చక్కగా అల్లుకొని ఉంటాయన్న భావన నిజం కాదని 2000లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. ఆండ్రీ బ్రోడర్, రవికుమార్, ప్రభాకర్ రాఘవన్ తదితరులు సుమారు 20 కోట్ల పేజీలను, 150 కోట్ల లింకులను పరిశీలించారు. ఏ పేజీ నుండి ఏ పేజీకైనా లింకుల ద్వారా వెళ్ళగల ప్రధాన భాగంలో ఉన్నవి సుమారు 5 కోట్ల 60 లక్షలు మాత్రమే. సుమారు 1 కోటి 70 లక్షల పేజీలు మిగతా పెద్ద సమూహంతో ఏ విధమైన లింకు సంబంధమూ లేకుండా విడిగా ఉన్నాయి.

శోధన యంత్రాలపై ప్రభావం

ఒక పేజీ శోధన ఫలితాలలో కనిపించాలంటే మూడు దశలు దాటాలి. మొదట శోధన యంత్రం ఆ పేజీని కనుగొనాలి. తరువాత దానిని చదివి తన సూచికలో చేర్చుకోవాలి. చివరగా, ఎవరైనా వెదకినపుడు ఫలితాల వరుసలో దానికి ఒక స్థానం ఇవ్వాలి. అనాథ పేజీకి ఈ మూడు దశల్లోనూ ఇబ్బంది ఎదురవుతుంది.

కనుగొనే దశలో లింకు లేకపోవడం వలన క్రాలర్‌కు దారి దొరకదు. ఈ లోటును కొంతవరకు తీర్చడానికి గూగుల్ 2005 జూన్‌లో సైట్‌మ్యాప్ పద్ధతిని ప్రవేశపెట్టింది. 2006 నవంబరులో యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా దీనిని అంగీకరించాయి. సైట్‌మ్యాప్ అంటే సైటులోని పేజీల చిరునామాలను శోధన యంత్రాల కొరకు వ్రాసి ఉంచే ఫైలు. ఒక ఫైలులో 50,000 చిరునామాల వరకు ఉండవచ్చు. అయితే ఇది శోధన యంత్రానికి ఇచ్చే సూచన మాత్రమే. అందులో చేర్చినంత మాత్రాన పేజీని సూచికలో చేర్చుకుంటారన్న హామీ లేదు. పైగా సైట్‌మ్యాప్ క్రాలర్‌కు దారి చూపుతుందే గాని, పాఠకునికి చూపదు.

వరుస నిర్ణయించే దశలో లింకుల పాత్రను పేజ్‌ర్యాంక్ పద్ధతి స్పష్టం చేస్తుంది. గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో ప్రచురించిన ఈ పద్ధతి ప్రకారం ఒక పేజీ నుండి మరొక పేజీకి ఉన్న లింకు ఒక విధమైన సిఫారసు. ప్రతి పేజీ తన విలువలో కొంత భాగాన్ని తాను చూపే పేజీలకు పంచుతుంది. ఆ వ్యాసంలో ఇచ్చిన సూత్రంలో, సాధారణంగా వాడే 0.85 అనే గుణకాన్ని తీసుకుంటే, ఎవరూ లింకు ఇవ్వని పేజీకి దక్కే విలువ 0.15 మాత్రమే. నేటి గూగుల్ వరుసను నిర్ణయించడానికి ఇంకా అనేక అంశాలను పరిగణిస్తుంది. అయినా సైటు లోపలి లింకుల ప్రాముఖ్యం తగ్గలేదు. లింకుగా వాడిన పదాలు కూడా ముఖ్యమే. "ఇక్కడ నొక్కండి" అనే లింకు కన్నా "చెరువుల మరమ్మతు చరిత్ర" అనే లింకు గమ్యంలోని విషయాన్ని పాఠకునికీ యంత్రానికీ బాగా తెలుపుతుంది. అనాథ పేజీకి ఈ పరిచయం కూడా ఉండదు.

కారణాలు

పేజీలు అనాథలు కావడానికి సాధారణంగా ఈ క్రింది కారణాలుంటాయి.

• కొత్త పేజీ వ్రాసి ప్రచురించినవారు, ఇతర పేజీలలో దానికి లింకు ఇవ్వడం మరచిపోవడం.
• మొదటి పేజీలో "కొత్త విశేషాలు" శీర్షిక క్రింద ఉన్న లింకు, కొన్నాళ్ళకు మరొక విశేషం వచ్చి తొలగిపోవడం. ఆ లింకు ఒక్కటే ఆధారమైతే పేజీ ఆ రోజు నుండి అనాథ అవుతుంది.
• సైటు రూపాన్ని మార్చినపుడు పాత మెనూలోని అంశాలు కొత్త మెనూలోకి రాకపోవడం.
• ఒక పేజీని తొలగించినపుడు, దాని నుండి మాత్రమే లింకులున్న ఇతర పేజీలు తెగిపోవడం.
• సైటులోని వెదుకు పెట్టెలో పదం వ్రాస్తేనే దొరికేలా పేజీలను అమర్చడం. క్రాలర్లు సాధారణంగా ఇటువంటి పెట్టెలను నింపవు.
• లింకును మామూలు పద్ధతిలో కాక, నొక్కినపుడు మాత్రమే పనిచేసే జావాస్క్రిప్టుతో వ్రాయడం. పాఠకునికి అది లింకుగానే కనిపించినా, క్రాలర్‌కు చిరునామా దొరకకపోవచ్చు.

పాలనాపరమైన మార్పులు కూడా ఈ సమస్యకు దారితీస్తాయి. 2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలను 31గా, 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలను 26గా పునర్వ్యవస్థీకరించారు. ఇటువంటి సందర్భాలలో జిల్లా, మండల, గ్రామ పట్టికలున్న సైట్లన్నీ తమ పట్టికలను మార్చుకోవలసి వస్తుంది. పాత పట్టిక నుండి తీసివేసిన గ్రామం పేరును కొత్త పట్టికలో చేర్చడం మరచిపోతే ఆ గ్రామపు పేజీ అనాథగా మిగులుతుంది.

తెలుగు సైట్లలో ప్రత్యేక సమస్యలు

తెలుగులో ఒకే పేరును పలు విధాలుగా వ్రాయడం పరిపాటి. హైదరాబాదు, హైదరాబాద్, వేంకటేశ్వర, వెంకటేశ్వర, శ్రీశ్రీ, శ్రీరంగం శ్రీనివాసరావు వంటివి ఉదాహరణలు. మనిషికి ఇవి ఒక్కటే, కంప్యూటరుకు వేర్వేరు. ఒక రూపంలో పేజీ ఉండి, ఇతర పేజీలలో లింకులన్నీ మరొక రూపానికి ఇచ్చి ఉంటే, లింకులు గమ్యం లేనివిగానూ పేజీ అనాథగానూ మిగులుతాయి.

విభక్తి ప్రత్యయాల వలన కూడా చిక్కు వస్తుంది. వాక్యంలో "సముద్రం" అనే పదం "సముద్రపు", "సముద్రాన్ని", "సముద్రానికి" అని మారుతుంది. మారిన రూపానికే లింకు ఇస్తే అది "సముద్రం" పేజీకి చేరదు. కనబడే పదం ఒకటి, గమ్యం పేరు మరొకటి ఉండేలా లింకును వ్రాయాలి.

కంటికి కనబడని అక్షరం మరొక సమస్య. "వెబ్‌సైటు" వంటి పదాలలో పొల్లు నిలిచి ఉండడానికి, తరువాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే వెడల్పు లేని యూనికోడ్ అక్షరాన్ని వాడతారు. కొన్ని పదాలలో అది ఉన్నా లేకున్నా చూపుకు తేడా తెలియదు. కానీ రెండు పేర్లూ వేర్వేరు చిరునామాలవుతాయి.

పేజీ చిరునామాలో తెలుగు అక్షరాలుంటే వాటిని కంప్యూటర్లు శాతం గుర్తులతో కూడిన సంకేతంగా మారుస్తాయి. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపిలోని ప్రతి సంకేతానికి మూడు బైట్లు కావాలి. అందువలన చిరునామాలో ఒక్కొక్కటి తొమ్మిది గుర్తుల పొడవు అవుతుంది. ఒక పట్టికలో చిరునామా తెలుగులోను, మరొక పట్టికలో సంకేతంలోను ఉంటే, అనాథ కాని పేజీ కూడా అనాథగా తేలుతుంది. పోల్చడానికి ముందే రెండు పట్టికలనూ ఒకే రూపంలోకి తేవాలి.

గుర్తించే విధానం

మొదట సైటులో నిజంగా ఉన్న పేజీలన్నింటి పట్టికను తయారుచేయాలి. సైటు డేటాబేసు, సైట్‌మ్యాప్ ఫైలు, సందర్శనలను నమోదు చేసే సర్వరు చిట్టా, గూగుల్ సెర్చ్ కన్సోల్ వంటి సేవలు చూపే పేజీల జాబితా ఇందుకు ఆధారాలు. ఏ ఒక్క ఆధారమూ సంపూర్ణం కాదు. సైట్‌మ్యాప్‌లో చేరని పేజీ సర్వరు చిట్టాలో ఉండవచ్చు. ఎవరూ తెరవని పేజీ డేటాబేసులో మాత్రమే ఉండవచ్చు. కనుక అన్నింటినీ కలిపి, పునరుక్తులను తొలగించాలి.

తరువాత ఒక క్రాలర్ ప్రోగ్రామును మొదటి పేజీ నుండి నడిపి, అది చేరిన పేజీల పట్టికను తీసుకోవాలి. ఈ ప్రోగ్రాముకు సైట్‌మ్యాప్‌ను ఇవ్వరాదు. ఇస్తే అది లింకులు లేని పేజీలను కూడా చేరి, తేడాను చెరిపివేస్తుంది. చిన్న సైటుకు ఈ పనిని చేతితోనే చేయవచ్చు.

చివరగా మొదటి పట్టికలో ఉండి రెండవ పట్టికలో లేని పేజీలను వేరుచేయాలి. పోల్చే ముందు చిరునామాల చివర ఉన్న గీత, ముందున్న హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ వంటి తేడాలను సరిచూసుకోవాలి. అప్పుడు మిగిలినవి అనాథ పేజీలు.

ఉదాహరణ

ఒక గ్రామ చరిత్రను తెలిపే ఊహాజనిత సైటులో 11 పేజీలున్నాయనుకుందాం. మొదటి పేజీ నుండి చరిత్ర, దేవాలయాలు, పాఠశాల, వ్యవసాయం అనే నాలుగు పేజీలకు లింకులున్నాయి. చరిత్ర పేజీ నుండి శాసనాలకు, వ్యవసాయం పేజీ నుండి చెరువులకు, పంటలకు లింకులున్నాయి. క్రాలర్ చేరగలిగేవి ఈ 8 పేజీలు.

మిగిలినవి మూడు. మొదటిది పాఠశాల వజ్రోత్సవ సంచిక. ఉత్సవం జరిగినపుడు మొదటి పేజీలో దీనికి లింకు ఉండేది, తరువాత తీసివేశారు. ఈ సంచిక పేజీలో పాఠశాల పేజీకి లింకు ఉన్నది. అయినా ప్రయోజనం లేదు, ఎందుకంటే లెక్కకు వచ్చేది పేజీలోనికి వచ్చే లింకు, బయటకు పోయే లింకు కాదు. మిగిలిన రెండు పూర్వ విద్యార్థులు, పూర్వ ఉపాధ్యాయులు అనే పేజీలు. ఈ రెండూ ఒకదానికొకటి లింకు ఇచ్చుకుంటాయి, మరే పేజీ నుండీ వాటికి లింకు లేదు.

"లోనికి వచ్చే లింకుల సంఖ్య సున్నా" అన్న పరీక్ష ఇక్కడ సంచికను మాత్రమే పట్టుకొంటుంది. మిగిలిన రెండింటికీ ఒక్కొక్క లింకు ఉన్నందున అవి తప్పించుకుంటాయి. కచ్చితమైన నిర్వచనం ప్రకారం అవి అనాథలు కాకపోయినా, సముద్రంలో ద్వీపాల వలె విడిపోయినవే. పాఠకునికి కలిగే నష్టం ఒక్కటే. అందుచేత లింకుల సంఖ్య కన్నా, మొదటి పేజీ నుండి దారి ఉన్నదా లేదా అన్నదే సరైన పరీక్ష.

ఈ సైటును సరిచేయడానికి పాఠశాల పేజీలో రెండు లింకులు చాలు. ఒకటి వజ్రోత్సవ సంచికకు, రెండవది పూర్వ విద్యార్థుల పేజీకి. పూర్వ ఉపాధ్యాయుల పేజీకి అక్కడి నుండి దారి ముందే ఉన్నది.

సరిచేసే విధానం

తేలిన ప్రతి పేజీకీ గుడ్డిగా లింకు ఇవ్వడం సరికాదు. పేజీని చదివి, క్రింది వాటిలో ఒక నిర్ణయం తీసుకోవాలి.

• ఉపయోగకరమైన పేజీ అయితే, విషయ సంబంధం కలిగిన పేజీల నుండి, వాక్యంలో సహజంగా వచ్చే చోట లింకు ఇవ్వాలి. వర్గానికి చెందిన పట్టికలో కూడా చేర్చాలి. అన్ని పేజీల అడుగునా ఒకే పొడవైన లింకుల జాబితా పెట్టడం వలన పాఠకునికి మేలు తక్కువ.
• అదే విషయంపై మరొక మంచి పేజీ ఉంటే, రెండింటిలోని సమాచారాన్ని కలిపి, పాత చిరునామా నుండి శాశ్వత దారిమార్పు ఇవ్వాలి.
• కాలం చెల్లి ఎవరికీ పనికిరానిదైతే తొలగించాలి. తొలగించిన పేజీలన్నింటినీ మొదటి పేజీకి దారి మళ్ళించడం మంచి పద్ధతి కాదు. వెదకి వచ్చిన పాఠకుడు అయోమయానికి గురవుతాడు, శోధన యంత్రం కూడా దానిని లేని పేజీగానే పరిగణించవచ్చు.
• ఉద్దేశపూర్వకంగా విడిగా ఉంచిన పేజీ అయితే అలాగే వదిలివేయాలి. దరఖాస్తు పంపిన తరువాత కనిపించే ధన్యవాదాల పేజీ, ఒక ప్రకటన కొరకు మాత్రమే తయారుచేసిన పేజీ ఇందుకు ఉదాహరణలు. అవి శోధన ఫలితాలలో రాకూడదనుకుంటే, సూచికలో చేర్చవద్దని తెలిపే గుర్తును పేజీలోనే ఉంచాలి.

సరిచేసిన తరువాత క్రాలర్‌ను మళ్ళీ నడిపి, ఆ పేజీలు చేరగల పట్టికలోకి వచ్చాయో లేదో చూడాలి. శోధన ఫలితాలలో మార్పు రావడానికి సమయం పడుతుంది. పేజీలో విషయం పలుచగా ఉంటే లింకు ఒక్కటే దానిని పైకి తేలేదు.

అపోహలు

లింకు లేని పేజీ రహస్యంగా ఉంటుందన్నది సాధారణమైన అపోహ. చిరునామాను ఎవరైనా మరొక సైటులో పేర్కొనవచ్చు, సైట్‌మ్యాప్‌లో అది పొరపాటున చేరవచ్చు, లేదా వరుస సంఖ్యలను మార్చి చిరునామాను ఊహించవచ్చు. విద్యార్థుల మార్కులు, చిరునామాలు వంటి వ్యక్తిగత వివరాలను "లింకు ఇవ్వలేదు కదా" అన్న ధైర్యంతో సర్వరులో ఉంచడం ప్రమాదకరం. అటువంటి వాటికి సంకేతపదంతో కూడిన రక్షణ అవసరం.

రోబోట్స్ ఫైలు పేజీని దాచుతుందన్నది మరొక అపోహ. 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించిన ఈ పద్ధతి 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9309 పేరుతో ప్రమాణంగా ప్రచురితమైంది. ఫలానా పేజీలను చదవవద్దని ఇది క్రాలర్లను కోరుతుంది, అంతే. ఆ ఫైలును ఎవరైనా తెరచి చదవవచ్చు. చదవవద్దన్న పేజీలో ఉన్న "సూచికలో చేర్చవద్దు" అనే గుర్తును క్రాలర్ చూడలేదు కూడా. కనుక ఒకే పేజీకి ఈ రెండింటినీ కలిపి వాడితే ఆశించిన ఫలితం రాకపోవచ్చు.

వికీపీడియాలో అనాథ పేజీలు

వికీపీడియాలో వ్యాసాలను వేర్వేరు వ్యక్తులు, వేర్వేరు సమయాలలో వ్రాస్తారు. కాబట్టి అనాథ పేజీలు ఏర్పడడం సహజం. 2023లో వెలువడిన ఒక పరిశోధనలో అఖిల్ అరోరా, రాబర్ట్ వెస్ట్, మార్టిన్ గెర్లాక్ 319 భాషల వికీపీడియాలను పరిశీలించారు. మొత్తం వ్యాసాలలో సుమారు 15 శాతం, అంటే దాదాపు 88 లక్షల వ్యాసాలు అనాథలని, వాటికి లింకులు చేర్చినపుడు వీక్షణలు పెరుగుతున్నాయని వారు తేల్చారు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న మొదలైంది. వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్టువేరులో, లోనికి లింకులు లేని పేజీలను చూపే ప్రత్యేక జాబితా ఉన్నది. బయటకు లింకులు లేని పేజీలను అగాధ పేజీలు అంటారు, వాటికి వేరే జాబితా ఉన్నది. ఒకే పేజీ రెండు జాబితాలలోనూ ఉండవచ్చు. ప్రతి పేజీకి ఉండే "ఇక్కడికి లింకున్న పేజీలు" అనే సాధనం ద్వారా ఆ పేజీకి ఎక్కడెక్కడి నుండి దారులున్నాయో చూడవచ్చు. రామాపురం, కొత్తపల్లి వంటి పేర్లు గల గ్రామాలు అనేకం ఉన్నందున, అయోమయ నివృత్తి పేజీలో ఆ ఊరి పేరు చేర్చడం, సంబంధిత మండలం పేజీలో లింకు ఇవ్వడం రెండూ అవసరమే. ఇతర భాషలో అదే వ్యాసానికి ఏయే వ్యాసాల నుండి లింకులున్నాయో చూస్తే, తెలుగులో ఎక్కడ లింకు ఇవ్వవచ్చో సులభంగా తెలుస్తుంది.

తెలుగులో ఒక ఊరి గురించి, ఒక పంట గురించి, ఒక మరుగునపడిన రచయిత గురించి అంతర్జాలంలో ఒకే ఒక్క పేజీ ఉండడం అరుదేమీ కాదు. ఇంగ్లీషులో ఒక పేజీ కనబడకపోతే అదే విషయంపై మరికొన్ని దొరకవచ్చు. తెలుగులో ఆ ఒక్క పేజీ అనాథ అయితే వెదకినవారికి ఆ విషయమే లేనట్లు తోస్తుంది. అందువలన కొత్త వ్యాసం వ్రాసినవారు దానిని భద్రపరచిన వెంటనే, సంబంధం ఉన్న రెండు మూడు పాత వ్యాసాలను తెరచి వాటి నుండి లింకు ఇవ్వడం మంచి అలవాటు.

ఇవి కూడా చూడండి

• శోధన యంత్రం
• వరల్డ్ వైడ్ వెబ్
• పేజ్‌ర్యాంక్
• తెలుగు వికీపీడియా